ట్రాక్టర్, పనిముట్లు కొనేముందు: రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రాక్టర్ కొనాలనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగే మొదటి మాట "ఏ కంపెనీ మంచిది?" అని. నిజానికి అది చివర తేల్చుకోవాల్సిన సంగతి. మన పొలంలో ఏ పని ఉంది, ఏడాదికి ఎన్ని గంటలు ఉంది అన్నది ముందు చూడాలి. ఆ పనికి ఏ పనిముట్టు కావాలో తర్వాత. ఆ పనిముట్టుని అలవోకగా తిప్పే ట్రాక్టర్ ఏదో ఆ తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి, దసరాకి షోరూంలో ట్రాక్టర్‌కి పూజ చేయించి ఇంటికి తెచ్చుకున్నాక పనిముట్ల గురించి ఆలోచిస్తారు. డబ్బు పోయేది అక్కడే. ఈ జవాబులన్నీ ఆంధ్ర, తెలంగాణ పొలాలని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

మాకు ఐదెకరాలుంది. సొంత ట్రాక్టర్ కొనొచ్చా?

ఎకరాలు కాదు, గంటలు లెక్కపెట్టండి. ఐదెకరాల్లో రెండు పంటలు వేసినా, దుక్కి, రోటావేటర్ (బ్లేడ్లు తిప్పి మట్టిని గుల్లచేసే పనిముట్టు), దమ్ము, ధాన్యం తోలకం అన్నీ కలిపి ఏడాదికి వంద గంటలు దాటడం కష్టం. బ్యాంకులు, ఇంజనీర్లు ట్రాక్టర్ గిట్టుబాటు లెక్క వేసేటప్పుడు మామూలుగా ఏడాదికి 1000 గంటలు పెట్టుకుంటారు. తేడా ఎంతో చూడండి.

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ అంకెలు మీరు వేసుకోండి. ట్రాక్టర్, రెండు మూడు పనిముట్లు కలిపి 10 లక్షలు అయ్యిందనుకుందాం. పదేళ్ళు వాడి అమ్మితే 2 లక్షలు వస్తుందనుకుంటే, ఏడాదికి 80 వేలు అరుగుదల. సగటున 6 లక్షల మీద 10 శాతం వడ్డీ 60 వేలు. ఇన్సూరెన్స్, ఇతరత్రా 10 వేలు. బండి షెడ్డులో ఉన్నా సరే ఏడాదికి లక్షన్నర ఖర్చు అవుతూనే ఉంటుంది. దీన్ని 100 గంటలకి పంచితే గంటకి 1500. 300 గంటలకి పంచితే 500. 1000 గంటలకి పంచితే 150. దీని మీద గంటకి ఐదు లీటర్ల డీజిల్ అంటే దాదాపు 500, రిపేర్లకి, డ్రైవర్‌కి ఇంకో 250 వేసుకోండి. అంటే వంద గంటల రైతుకి గంటకి 2250 పడుతుంది, వెయ్యి గంటలు తోలేవాడికి 900 పడుతుంది. ఇప్పుడు మీ ఊళ్ళో గంటకి కిరాయి ఎంత నడుస్తోందో పక్కన పెట్టి చూడండి. జవాబు అక్కడే తెలుస్తుంది.

సొంత బండికి ఒక విలువ ఉంది, దాన్ని కాదనలేం. కాలవకి నీళ్ళు వదిలిన వారం, తొలకరి పడిన మర్నాడు, ఊళ్ళో ప్రతి ట్రాక్టర్‌కీ పదిమంది వెంటపడతారు. అదునులో పని అయిపోవడం అనేది డబ్బే. కానీ ఆ ఒక్క వారం కోసం పది లక్షలు పెట్టేముందు, బయట కిరాయికి తోలే ఓపిక ఇంట్లో ఎవరికి ఉందో తేల్చుకోండి. ఇంకో సంగతి. కిరాయి డబ్బులు చాలావరకు పంట అమ్మాకే చేతికొస్తాయి. డీజిల్ మాత్రం రోజూ నగదే. ఆ మధ్య నాలుగు నెలలు నడిపేంత డబ్బు చేతిలో లేకుండా కిరాయి మీద నమ్మకంతో లోన్ తీసుకోవద్దు.

అన్నదమ్ముల భూమి కలిపి పదిహేను, ఇరవై ఎకరాలు అవుతుంటే ఒకే బండి కొనుక్కుని, డీజిల్, రిపేర్ల పద్దు ఒక పుస్తకంలో రాసుకోవడం మంచి పద్ధతి. ఎవరి పొలంలో ఎన్ని గంటలు నడిచిందో మీటర్ చూపిస్తుంది కాబట్టి గొడవ ఉండదు.

ఎంత హెచ్‌పీ తీసుకోవాలి?

బానెట్ మీద రాసింది ఇంజన్ హెచ్‌పీ, అంటే ఇంజన్ బలం. రోటావేటర్, బేలర్ (గడ్డిని మోపులు కట్టే యంత్రం), పంపు లాంటివి తిప్పేది పీటీఓ హెచ్‌పీ, అంటే ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్టు దగ్గర దొరికే బలం. ఇది ఇంజన్ హెచ్‌పీ కంటే ఎప్పుడూ తక్కువే ఉంటుంది. 45 హెచ్‌పీ ట్రాక్టర్‌కి పీటీఓ దగ్గర 38 నుంచి 41 దాకా దొరుకుతుంది. ఒకే 45 అని చెప్పిన రెండు బళ్ళ మధ్య పొలంలో తేడా ఎందుకు వస్తుందంటే ఇందుకే. సేల్స్‌మన్‌ని ముందు పీటీఓ హెచ్‌పీ ఎంతో అడగండి.

స్థూలంగా చెప్పాలంటే, పండ్ల తోటల్లో చెట్ల మధ్య తిరగడానికి, పత్తి, మిరప సాళ్ళ మధ్య గుంటక తోలడానికి 20 నుంచి 30 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ చాలు. ఎర్ర నేలల్లో వేరుశనగ, కంది వేసే మెట్ట రైతుకి 35 నుంచి 40 సరిపోతుంది. నల్లరేగడిలో లోతు దుక్కి దున్నాలన్నా, డెల్టాలో ఆరడుగుల రోటావేటర్‌తో దమ్ము చేయాలన్నా 45 నుంచి 50 కావాలి. మన దగ్గర కిరాయికి తిరిగే బళ్ళు ఎక్కువగా ఈ చివరి తరగతివే.

50 దాటేముందు ఒకసారి ఆగండి. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ మించిన ట్రాక్టర్లకి ట్రెమ్ స్టేజ్ 4 అనే పొగ నిబంధనలు వచ్చాయి. వాటిని అందుకోవడానికి ఈ బళ్ళలో ఎక్కువగా సీఆర్‌డీఐ లాంటి ఎలక్ట్రానిక్ ఇంజన్లు పెడుతున్నారు. అవి బాగానే పని చేస్తాయి, కానీ ధర ఎక్కువ. సెన్సర్ పోతే ఊరి మెకానిక్ స్పానర్‌తో అయ్యే పని కాదు, ల్యాప్‌టాప్ ఉన్న డీలర్ మెకానిక్ రావాలి. బేలర్, పెద్ద రివర్సిబుల్ నాగలి లాంటి పని లేనివాళ్ళకి 50 లోపలే అన్నివిధాలా హాయి.

టూ వీల్ డ్రైవా, ఫోర్ వీల్ డ్రైవా?

మెట్ట పొలం, రోడ్డు మీద తోలకం ఎక్కువ ఉంటే టూ వీల్ చాలు. టర్నింగ్ తేలిక, ముందు టైర్లు చవక, రిపేరు తక్కువ. మాగాణిలో, ముఖ్యంగా గోదావరి, కృష్ణా డెల్టాల దిగబడే నేలల్లో ఫోర్ వీల్ పెట్టిన డబ్బు తిరిగి తెస్తుంది. తేలికపాటి 45 హెచ్‌పీ ఫోర్ వీల్ బండి, బరువైన టూ వీల్ బండి కూరుకుపోయిన చోట నుంచి బయటికొస్తుంది.

ఫోర్ వీల్ తీసుకున్నవాళ్ళు రోడ్డు ఎక్కగానే ముందు డ్రైవ్ తీసెయ్యాలి. వేసి ఉంచి తారు రోడ్డు మీద తోలితే ముందు టైర్లు త్వరగా అరిగిపోతాయి, గేర్ల మీద కూడా భారం పడుతుంది. డ్రైవర్‌ని పెట్టుకుంటే ఈ మాట మొదటి రోజే చెప్పండి.

ఇంతకీ ఏ కంపెనీ?

మీ ఇంటికి దగ్గర్లో మంచి మెకానిక్ ఏ కంపెనీ బండి బాగా చేస్తాడో, ఆ కంపెనీ. మహీంద్రా, స్వరాజ్, మాస్సీ, ఐషర్, సోనాలికా, జాన్ డీర్, న్యూ హాలండ్, కుబోటా, ఫార్మ్‌ట్రాక్, అన్నీ మన పొలాల్లో నడుస్తున్నవే. స్వరాజ్ మహీంద్రా గ్రూపులోది, ఐషర్ ట్రాక్టర్లు మాస్సీ బళ్ళు చేసే టాఫే చేతిలో ఉన్నాయి. కాబట్టి "ఈ కంపెనీ ఆ కంపెనీని మింగేస్తుంది" అన్న గొడవల్లో పెద్ద అర్థం లేదు.

దమ్ము సీజన్లో బండి ఆగిపోతే విడిభాగం ఎన్ని గంటల్లో దొరుకుతుంది? ఇది అడగాల్సింది డీలర్‌ని కాదు. మీ మండలంలో అదే మోడల్ మూడేళ్ళుగా వాడుతున్న ఇద్దరు ముగ్గురు రైతుల్ని అడగండి. క్లచ్ ప్లేట్ ఎన్నాళ్ళు వచ్చింది, హైడ్రాలిక్ పంపు ఎప్పుడైనా విప్పారా, గంటకి డీజిల్ ఎంత తాగుతోంది. వాళ్ళ మాట బ్రోచర్ కంటే విలువైనది.

కాగితం మీద రుజువు కావాలంటే అదీ ఉంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లని పరీక్షించి నివేదిక ఇస్తుంది. అందులో అసలు పీటీఓ పవర్, డీజిల్ ఖర్చు, లాగే బలం, హైడ్రాలిక్ ఎత్తే బరువు అన్నీ కొలిచి రాస్తారు. ఆ మోడల్ బుద్ని రిపోర్టు చూపించమని డీలర్‌ని అడగండి. అడిగే హక్కు మీకుంది.

షోరూంలో బండి ముందు నిలబడ్డప్పుడు ఏం చూడాలి?

పెయింటు, సీటు చూసి మురిసిపోకండి. క్లచ్ సింగిలా, డ్యూయలా? డ్యూయల్ క్లచ్ ఉంటే పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, పీటీఓ తిరుగుతూనే ఉంటుంది. బేలర్, నూర్పిడి యంత్రం తోలేవాళ్ళకి ఇది తప్పనిసరి. రోటావేటర్ తోలేవాళ్ళకీ గట్టు దగ్గర మలుపు తిప్పేటప్పుడు చాలా సుఖం.

బ్రేకులు ఆయిల్‌వే తీసుకోండి. డ్రై బ్రేకుల్లోకి దమ్ములో నీళ్ళు, బురద చేరి పట్టు పోతుంది. నిండు ట్రక్కుతో (ట్రాక్టర్ వెనక తగిలించే ట్రాలీతో) కాలవ గట్టు దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పవర్ స్టీరింగ్ కూడా విలాసం కాదు, రోజుకి పది గంటలు తోలేవాడి భుజాలకి అవసరం.

హైడ్రాలిక్ ఎత్తే బరువు 1500 నుంచి 1800 కిలోల మధ్య ఉంటే మన పనిముట్లన్నిటికీ సరిపోతుంది. తర్వాత ఎప్పుడైనా హైడ్రాలిక్ ట్రక్కు, రివర్సిబుల్ నాగలి తీసుకునే ఆలోచన ఉంటే అదనపు వాల్వు ఇప్పుడే వేయించుకోండి. వెనక టైరు సైజు కూడా చూడండి. 13.6, 14.9, 16.9 అంకెలు టైరు వెడల్పువి, అంగుళాల్లో. నల్లరేగడిలో వెడల్పు ఎక్కువున్న టైరు పట్టు బాగా ఇస్తుంది, నేల మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది.

డెమో అడిగితే డీలర్ ఇస్తాడా?

ఇస్తాడు, అడగాలి. అదీ షోరూం వెనక ఖాళీ జాగాలో కాదు, మీ పొలంలో, మీరు కొనబోయే సైజు రోటావేటర్ తగిలించి. ట్యాంకు అంచుదాకా నింపించి మొదలుపెట్టండి. ఒక ఎకరం అయ్యాక మళ్ళీ అంచుదాకా నింపితే ఎంత పట్టిందో అదే మీ ఎకరం ఖర్చు.

తోలేటప్పుడు చెవి పెట్టి వినండి. పీటీఓ నిమిషానికి 540 చుట్లకి వచ్చే ఇంజన్ వేగం మీటర్ మీద గుర్తు పెట్టి ఉంటుంది. అక్కడ ఉంచి బ్లేడ్లని నేలలోకి దించండి. గొంతు కాస్త బరువెక్కి మళ్ళీ నిలదొక్కుకుంటే సైజు సరిపోయినట్టు. ముల్లు కిందికి జారిపోతూ, సైలెన్సర్ నల్లపొగ కక్కుతూ, డ్రైవర్ గేరు తగ్గించక తప్పని పరిస్థితి వస్తే ఆ రోటావేటర్ ఆ బండికి ఎక్కువ. డీలర్ మనిషి "కొత్త బండి కదా, సెట్ అవుతుంది" అంటాడు. అవ్వదు.

మొదట ఏ పనిముట్లు కొనాలి?

ఒకేసారి అన్నీ కొనద్దు. ట్రాక్టర్‌తో పాటు ప్యాకేజీలో అంటగట్టే పనిముట్లలో సగం రెండేళ్ళకి షెడ్డు వెనక తుప్పు పడుతుంటాయి. తొమ్మిది పళ్ళ కల్టివేటర్, రోటావేటర్, ట్రక్కు. కిరాయికి తోలాలనుకునేవాళ్ళకి ఈ మూడూ చాలు మొదటి ఏడాదికి. సొంత పొలానికే అయితే ట్రక్కు కూడా ఆలోచించి తీసుకోండి.

తర్వాతివి మీ పంట చెబుతుంది. వేరుశనగ, శనగ, మొక్కజొన్న వేసేవాళ్ళకి విత్తనం, ఎరువు కలిపి వేసే సీడ్ డ్రిల్ కూలి ఖర్చుని బాగా తగ్గిస్తుంది. చెరకు, పసుపు, అల్లం అయితే బోదె నాగలి. పత్తి ఎక్కువ వేసే ఊళ్ళలో కట్టెని ముక్కలు చేసే ష్రెడ్డర్‌కి గిరాకీ ఉంది. కట్టె తగలబెట్టకుండా నేలలోనే కలిసిపోతుంది, గులాబీ రంగు పురుగు తర్వాతి పంటకి మిగలకుండా కూడా తోడ్పడుతుంది. బేలర్ మీద ఆశ పడేవాళ్ళు ఒక్కమాట గుర్తుంచుకోండి. అది ఏడాదిలో కోతల తర్వాత కొన్ని వారాలే పని చేస్తుంది. గడ్డి కొనే పాడి రైతులు, డెయిరీలు ముందే కుదరకపోతే మోపులు పొలం గట్టు మీదే ఉండిపోతాయి.

డిస్క్ నాగలి, రెక్క నాగలి, ఉలి నాగలి లాంటివి రెండు మూడేళ్ళకోసారి వేసవిలో వాడేవి. వీటిని కొనకుండా కిరాయికి తెచ్చుకోవడమే తెలివి. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా బాగుంటుంది.

రోటావేటర్ గురించి వివరంగా చెప్పండి. ఐదడుగులా, ఆరడుగులా?

35 నుంచి 40 హెచ్‌పీకి ఐదడుగులు, 45 నుంచి 50కి ఆరడుగులు, 50 దాటితేనే ఏడడుగులు. పక్కూరి వాళ్ళు ఏడడుగులది తెచ్చారని మనమూ తెచ్చుకుంటే పని త్వరగా అవ్వదు, డీజిల్ ఎక్కువవుతుంది, క్లచ్ ముందే పోతుంది. వెడల్పు ఇంకో కారణానికి కూడా ముఖ్యం. రోటావేటర్ మీ వెనక టైర్ల జాడని రెండు వైపులా పూర్తిగా కప్పాలి. లేకపోతే టైరు తొక్కిన చార అలాగే మిగిలిపోతుంది.

పక్కన తిప్పేది గేర్‌తోనా, చైన్‌తోనా అని అడగండి. చైన్‌ది చవక, తేలిక. గట్టి నేలలకి, కిరాయి పనికి గేర్ డ్రైవే నిలుస్తుంది. రాళ్ళున్న పొలాలైతే షాఫ్టుకి స్లిప్ క్లచ్ ఉన్నది తీసుకోండి. రాయి తగిలినప్పుడు క్లచ్ జారుతుంది, గేర్‌బాక్స్ బతుకుతుంది.

బ్లేడ్లు ఎక్కువ వాడకంలో ఉన్నది ఎల్ ఆకారం. తడి నేలలకి సీ ఆకారం బ్లేడ్లు వాడతారు. ఇసుక కలిసిన ఎర్ర నేలల్లో బ్లేడు త్వరగా అరుగుతుంది. ఆరడుగుల దానికి నలభైకి పైనే బ్లేడ్లు ఉంటాయి కాబట్టి సెట్టు మార్చే ఖర్చు ముందే లెక్కలో పెట్టుకోండి. ఒకటీ అరా కొత్తవి, మిగతావి పాతవి వేస్తే రోటర్ అదురుతుంది, బేరింగులు పోతాయి. మార్చితే జతలుగా మార్చండి. బోల్టులు రోజూ పొద్దున ఒకసారి బిగించుకోవాలి. షాఫ్టు గ్రీజు, గేర్‌బాక్స్‌లో 90 నంబరు నూనె, సీల్ దగ్గర చుట్టుకున్న గడ్డి తీయడం, ఈ మూడూ చూసుకునేవాడి రోటావేటర్‌కీ చూసుకోనివాడి రోటావేటర్‌కీ ఆయుష్షులో చాలా తేడా ఉంటుంది.

నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ఇప్పుడు చాలా ఊళ్ళలో ప్రతి పంటకీ రోటావేటర్ తప్ప ఇంకేం వాడటం లేదు. అది నాలుగైదు అంగుళాలే కదిలిస్తుంది. ఏళ్ళ తరబడి అదే లోతులో తిరిగితే కింద గట్టి పొర కట్టుకుంటుంది. వాన నీరు దిగదు, పత్తి తల్లి వేరు, కంది వేరు అక్కడ వంకర తిరుగుతాయి. చూడాలంటే ఒక గడ్డపార తీసుకుని తడి నేలలో నెమ్మదిగా దించండి. ఎక్కడ ఆగిపోతుందో అదే ఆ పొర. రెండు మూడేళ్ళకోసారి వేసవిలో ఉలి నాగలితోనో, రెక్క నాగలితోనో లోతు దుక్కి చేయించండి. మాగాణి వరికి ఈ పొర నీళ్ళు నిలపడానికి పనికొస్తుంది కాబట్టి అక్కడ దీన్ని పగలగొట్టకండి. మెట్ట పంటల సంగతే ఇది.

ట్రక్కు ఊళ్ళో వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చా?

చవకగా వస్తుందని చాలామంది చేయించుకుంటారు. కానీ ట్రక్కుకి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇన్సూరెన్స్ పాలసీలో దాని వివరాలు కూడా రాయించాలి. అనుమతి లేని చోట చేసినదానికి ఆ రెండూ కష్టం. ప్రమాదం జరిగిన రోజు ఈ చవక ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

వెనక ఎర్ర లైట్లు, రేడియం స్టిక్కర్లు తప్పకుండా పెట్టించండి. చీకట్లో రోడ్డు పక్కన ఆగిన ట్రక్కుని వెనక నుంచి బైకులు గుద్దుకోవడం మన రోడ్ల మీద ఎన్నిసార్లు జరుగుతుందో అందరికీ తెలుసు. వంద రూపాయల స్టిక్కర్ ఒక ప్రాణం.

ధర తగ్గించుకోవడం ఎలా?

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కి తగ్గింది. పన్ను కలపకముందు ధర 7 లక్షలున్న బండికి ఇది 49 వేల తేడా. బిల్లులో పన్ను శాతం చూసుకోండి.

నోటి లెక్క కాకుండా కొటేషన్ రాయించుకోండి. షోరూం ధర, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, "హ్యాండ్లింగ్" పేరుతో వేసేది, టాప్ లింకు (పనిముట్టుని పైన పట్టి ఉంచే కడ్డీ), హుక్కు, డ్రాబార్ (వెనక కింద, లాగడానికి ఉండే కడ్డీ), బంపర్, కెనోపీ, ఏది ధరలో ఉంది, ఏది విడిగా కొనాలి. ఇద్దరు డీలర్ల కాగితాలు పక్కపక్కన పెడితే బేరం దానంతటదే నడుస్తుంది. కంపెనీ ఆఫర్లు దసరా, దీపావళి, ఉగాది దగ్గర ఎక్కువ.

బండి ప్లేటు మీద తయారైన నెల, ఏడాది చదవండి. డిసెంబర్‌లో తయారైన బండిని జనవరిలో కొంటే, అమ్మేనాడు అది ఒక ఏడాది పాతదే అవుతుంది. అలాంటిది తీసుకోవడం తప్పు కాదు, దానికి తగ్గట్టు ధర తగ్గించమనండి.

లోన్ ఎక్కడ తీసుకుంటే మంచిది?

ఈ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. బండి ధరలో పది వేలు తగ్గించుకోవడానికి గంట బేరం ఆడిన మనిషి, లోన్ కాగితాల మీద ఐదు నిమిషాల్లో ఇరవై సంతకాలు పెట్టేస్తాడు.

వడ్డీ ఫ్లాటా, తగ్గే బాకీ మీదా? 6 లక్షలు, 5 ఏళ్ళు, 12 శాతం అనుకుందాం. ఫ్లాట్ అంటే ఐదేళ్ళూ మొత్తం 6 లక్షల మీదే వడ్డీ. 3 లక్షల 60 వేలు. అదే 12 శాతం తగ్గే బాకీ మీద, నెలనెలా కడితే మొత్తం వడ్డీ దాదాపు 2 లక్షలు. నోటికి రెండూ "వంద మీద రూపాయి వడ్డీ" అనే వినిపిస్తాయి. లెక్క కడితే ఆ ఫ్లాట్ 12 అసలు 20 శాతం పైన పడుతుంది. అందుకే శాతం అడగకండి. మొత్తం మీద ఎంత కట్టాలి అని అడిగి, ఆ అంకెని రాయించుకోండి.

వాయిదాలు పంట చేతికొచ్చే నెలలకి కుదరాలి. పంట మీదే బతికేవాళ్ళకి ఆరు నెలల వాయిదా మేలు, నెల వాయిదా కిరాయి బళ్ళకే. ప్రభుత్వ బ్యాంకులో పని నెమ్మది, భూమి తాకట్టు అడుగుతారు, రెండు మూడుసార్లు తిరగాలి. కానీ వడ్డీ తక్కువ. ప్రైవేటు ఫైనాన్స్‌లో రెండు రోజుల్లో బండి ఇంటికొస్తుంది. ఆ వేగానికి ఐదేళ్ళపాటు డబ్బు కడుతూనే ఉంటాం. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టకండి. ముందే మొత్తం కట్టేస్తే ఫైన్ ఎంత, ఒక వాయిదా ఆలస్యమైతే ఫైన్ ఎంత, లోన్‌లో కలిపేసిన ఇన్సూరెన్సులు ఏవి, ఇవన్నీ అగ్రిమెంటులో చూపించమనండి. చదవడం రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లని వెంట తీసుకెళ్ళండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

సబ్సిడీ వస్తుందా?

కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం, దాన్నే స్మామ్ అంటారు, దాని కింద పనిముట్లకి చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకి 50 శాతం దాకా, మిగతావాళ్ళకి 40 శాతం దాకా, గరిష్ఠ పరిమితికి లోబడి సాయం ఉంటుంది. ఏ పనిముట్టుకి ఎంత అనేది ఏటా, జిల్లాకి వచ్చిన నిధుల్ని బట్టి మారుతుంది. ఆంధ్రలో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో మీ క్లస్టర్ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర అడగండి.

మంజూరు కాగితం రాకముందే కొనేయకండి. ముందు కొని తర్వాత బిల్లు పెడితే సాధారణంగా ఒప్పుకోరు. ఇంకోటి, సబ్సిడీ ఉందని అవసరం లేని పనిముట్టు తీసుకోవద్దు. సగం ధరకి కొన్నా, వాడనిది పూర్తి నష్టమే.

సెకండ్ హ్యాండ్ బండి కొనొచ్చా?

ఏడాదికి రెండు మూడు వందల గంటల పని ఉన్న రైతుకి నా సలహా ఇదే. మంచి పాత బండి, మంచి కొత్త రోటావేటర్.

చూడటానికి పొద్దున్నే వెళ్ళండి, చెప్పకుండా వెళ్తే ఇంకా మేలు. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపు ఒకసారి స్టార్ట్ చేశారన్నమాట, చల్లారేదాకా కూర్చోండి. చల్లటి ఇంజన్ ఎన్ని తిప్పులకి అందుకుందో చూడండి. మొదట కొంచెం పొగ వచ్చి ఆగితే పర్లేదు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ తగ్గకపోతే ఇంజెక్టర్ గానీ, సిలిండర్లోకి నీళ్ళు గానీ. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి దగ్గర పెట్టండి. గాలి బలంగా చరుస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయి, ఇంజన్ పని దగ్గర పడింది. రేడియేటర్ మూత మాత్రం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయండి. నీళ్ళ మీద నూనె తెట్టు కనిపిస్తే హెడ్ గాస్కెట్ అనుమానించాలి.

తర్వాత బరువైన పనిముట్టు తగిలించి పైకెత్తి, ఇంజన్ ఆపేసి, టీ తాగి రండి. పనిముట్టు నేల మీదికి దిగిపోయి ఉంటే హైడ్రాలిక్ సీల్సు పోయాయి. ముందు చక్రాన్ని జాకీ ఎత్తి అటూ ఇటూ ఊపండి, లొటలొటలాడితే కింగ్‌పిన్, బేరింగుల ఖర్చు ఉంది. గంటల మీటర్‌ని నమ్మకండి. క్లచ్ పెడల్ అంచు, స్టీరింగ్ పట్టుకునే చోటు, సీటు కింద ఇనుము, వీటి అరుగుదల అబద్ధం చెప్పదు. మీకు తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళి ఐదు వందలు ఇవ్వండి.

కాగితాలు ఇంకా ముఖ్యం. ఆర్‌సీ మీద ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీదవాటితో పోల్చండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే, ఆ కంపెనీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 లేకుండా పైసా ఇవ్వకండి. పేరు మార్పుకి ఫారం 29, 30 మీద అమ్మేవాడి సంతకం అదే రోజు తీసుకుని, వెంటనే ఆర్‌టీఏ ఆఫీసులో పని పూర్తి చేయించండి. "తర్వాత మార్పించుకుందాంలే" అని నడిపిన బండి ప్రమాదం చేస్తే పాత ఓనరూ, కొత్త ఓనరూ ఇద్దరూ కోర్టు చుట్టూ తిరగాలి.

లైసెన్స్, ఇన్సూరెన్స్ ఏం కావాలి?

7500 కిలోల లోపు బరువున్న ట్రాక్టర్ మోటారు వాహనాల చట్టం ప్రకారం ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) తరగతిలోకే వస్తుంది, కాబట్టి ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉండాలి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లాడికి తాళం ఇవ్వకండి. పొలంలోనే కదా అనుకుంటారు, పొలానికి వెళ్ళేది రోడ్డు మీదుగానే.

థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. ట్రాక్టర్ ఒక్క మనిషి కూర్చునే బండి. మడ్‌గార్డు మీద కూర్చున్నవాళ్ళకి, ట్రక్కులో ఎక్కించిన కూలీలకి మామూలు పాలసీ వర్తించదని కంపెనీలు కోర్టులో వాదిస్తాయి. మిరప కోతకో, నాట్లకో వెళ్ళే ఆడవాళ్ళు ట్రక్కు తిరగబడి చనిపోయిన వార్తలు మనం ప్రతి సీజన్లో చదువుతున్నాం. కూలీలకి ఆటో మాట్లాడండి.

దమ్ములో కూరుకుపోతే, పీటీఓ దగ్గర ఏం జాగ్రత్త?

కూరుకుపోయిన బండి వెనక చక్రాలకి అడ్డంగా దుంగ కట్టి బయటికి తీయాలని చూస్తారు. చక్రం దుంగ మీద ఆగిపోతుంది, ఇంజన్ తిప్పుతూనే ఉంటుంది, అప్పుడు లేచేది ముందు భాగం. క్షణంలో బండి వెనక్కి తిరగబడి డ్రైవర్ మీద పడుతుంది. దిగి, మట్టి తవ్వి, ఇంకో బండితో డ్రాబార్ నుంచి లాగించండి. టాప్ లింకుకి గొలుసు ఎప్పుడూ కట్టవద్దు, దానివల్లా ఇదే ప్రమాదం. తిరగబడినప్పుడు మనిషిని కాపాడే ఇనుప చట్రం కంపెనీలో దొరికితే పెట్టించండి.

తిరిగే పీటీఓ షాఫ్టుకి లుంగీ అంచు, తువ్వాలు, చీర కొంగు చిక్కితే లాక్కోవడానికి సమయం ఉండదు. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు అడ్డమని తీసేస్తుంటారు, తీయకండి. బ్లేడ్లలో గడ్డి తీయాలంటే ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టండి.

దమ్ములో వాడే ఇనుప చక్రాలు, కేజీ వీల్స్‌తో సిమెంటు, తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుంది, పోలీసులు ఫైన్ వేస్తారు. విప్పి ట్రక్కులో వేసుకెళ్ళండి.

కొత్త బండి మొదటి రోజుల్లో ఎలా వాడాలి? నేర్పేవాళ్ళున్నారా?

మొదటి 50 గంటలు నిండు భారం వేయకండి, అలాగని ఖాళీగా ఊరికే తిప్పకండి. ఆ తర్వాత మొదటి సర్వీసు తప్పించకండి, వారంటీ దానిమీదే ఉంటుంది. సర్వీసు పుస్తకంలో గంటలు రాయించి స్టాంపు వేయించుకోండి. ఎండాకాలం దుమ్ములో ఎయిర్ ఫిల్టర్ రోజూ చూడాలి. ఇంజన్లు ఎక్కువగా పోయేది దుమ్ము వల్లే.

నేర్చుకోవాలంటే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ నడపడం, సంరక్షణ, పనిముట్లు సెట్ చేయడం అన్నీ చేయించి నేర్పుతారు, రైతులకీ, గ్రామీణ యువతకీ కోర్సులు ఉంటాయి. ఇంట్లో బండి తోలబోయే కుర్రాణ్ణి లోన్ అప్లికేషన్ పెట్టిన వారమే అక్కడ చేర్పించే ఏర్పాటు చూడండి. బండి వచ్చేలోపు తిరిగొస్తే, డెలివరీ రోజు డీలర్ మెకానిక్‌ని ఏం అడగాలో వాడికే తెలిసి ఉంటుంది.